పన్నెండు మంది కలిసి వుడ్‌కట్ ప్రింట్ల మార్పిడి ఎలా చేయాలి?

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె ప్రాంతాల్లో వుడ్‌కట్ (చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద ముద్రించడం) చేసేవారు, ముఖ్యంగా ఫైన్ ఆర్ట్స్ చదువు ముగించుకుని ఎవరి ఊళ్లో వారు ఒంటరిగా పనిచేసుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేము పది పన్నెండు మందిమి ఉన్నాము, అందరమూ కలిసి ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ప్రింట్ల మార్పిడితో మొదలుపెట్టండి అన్నదే ప్రతిసారీ నా జవాబు. ఒకే కొలతలో, ఒకే సంఖ్యలో ప్రతి ఒక్కరూ ప్రింట్లు తీసి ఒకరికి పంపుతారు. ఆ వ్యక్తి, అంటే నిర్వాహకుడు, వాటిని పంచి, అందరివీ ఒక్కొక్కటి చొప్పున ఉన్న ఫోల్డరును ప్రతి ఒక్కరికీ తిరిగి పంపుతారు. దీనికి ఉమ్మడి స్టూడియో అక్కరలేదు, ప్రెస్సు అక్కరలేదు, అందరూ ఒకే ఊళ్లో ఉండవలసిన పని కూడా లేదు.

అయితే ఒంటరిగా చేసే పనికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇంట్లో మన కోసం చేసుకునేటప్పుడు ఒక్క ప్రింటు బాగా వస్తే తృప్తి పడతాము. మార్పిడిలో చివరి ప్రింటు కూడా మొదటి దానంత బాగుండాలి, ఎందుకంటే దాన్ని అందుకునే వ్యక్తి చేతికి మీ పని మొత్తంలో వచ్చేది అదొక్కటే. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ దీని కోసమే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జపాన్‌లోని ఎడో నగరంలో 1765 ప్రాంతంలో కవితాగోష్ఠుల సభ్యులు బొమ్మల క్యాలెండర్లు అచ్చు వేయించి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేవారు. ఎవరిది ఎక్కువ అందంగా ఉందన్న ఆ పోటీలోనే సుజుకి హరునొబు అనే చిత్రకారుడి చేతుల మీదుగా పలు రంగుల వుడ్‌కట్ నిలదొక్కుకుంది. మన చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు లోహపు పలకల మీద పనిచేసినవారే అయినా, ఒకే పలక నుంచి పలు రంగులు తీసే పద్ధతిని పారిస్‌లోని అటెలియే 17 అనే ఉమ్మడి వర్క్‌షాపులో సహచరులతో కలిసి పనిచేస్తూ సాధించారు. చరిత్ర ఇంతవరకు చాలు, పనిలోకి వద్దాము.

కావలసినవి

ఒక్కొక్కరికి కావలసినవి ఇవి:

- సుమారు 15 × 20 సెంటీమీటర్ల బ్లాకు (బొమ్మ చెక్కే చెక్కపలక) ఒకటి, ప్రయోగాలకు అదే రకం చెక్క చిన్న ముక్క ఒకటి.
- వి ఆకారపు ఉలి, యు ఆకారపు ఉలి రెండు సైజుల్లో, ఒక పదునైన చాకు, సానరాయి.
- ఏ4 కొలతకు కోసిన కాగితాలు కనీసం 22. చేత్తో రుద్ది ముద్రించేవారికి 40 నుంచి 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండే నేపాలీ కాగితం వంటి పలుచని, గట్టి నార ఉన్న కాగితం అనువుగా ఉంటుంది. ప్రెస్సు అందుబాటులో ఉన్నవారు పుదుచ్చేరి ఆశ్రమం వారి చేతితయారీ కాగితం వంటి మందపాటిది వాడుకోవచ్చు.
- నల్ల ఇంకు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల వాళ్లు వాడే నూనె ఇంకు చిన్న డబ్బా ఒకటి ముగ్గురు నలుగురికి సరిపోతుంది.
- గట్టి రబ్బరు రోలరు, ఇంకు పరచడానికి నున్నని పలక. గాజు పలక మంచిదే కానీ పగులుతుంది. మన జిల్లాల్లో గ్రానైట్ కోసే చోట్ల పాలిష్ పట్టిన ముక్కలు మిగులుతూనే ఉంటాయి, అడిగి ఒకటి తెచ్చుకోండి. ఇంకుకు అంతకంటే మంచి పలక ఉండదు.
- రుద్దడానికి గుండ్రటి స్టీలు గరిటె లేదా చెక్క చెంచా, బటర్ పేపరు, ఆరవేయడానికి తాడు, క్లిప్పులు.
- తుడవడానికి పాత నూలు గుడ్డలు, వంటనూనె, గిన్నెలు తోమే సబ్బు. కిరోసిన్ అవసరం లేదు. వంటనూనెతో ఇంకును కరిగించి తుడిచి, ఆ జిడ్డును సబ్బుతో తీస్తే రోలరు శుభ్రపడుతుంది.

నిర్వాహకుడికి అదనంగా కావలసినవి ఒక నోటుపుస్తకం, అట్టలు, ఎండ తగలని బల్ల, అన్నిటికంటే ముఖ్యంగా ఓపిక.

చేసే విధానం

1. సంఖ్య నిర్ణయించండి.

మొదటిసారికి పన్నెండు మంది మించవద్దు. పన్నెండు మంది ఉంటే ఒక్కొక్కరు 14 ప్రింట్ల ఎడిషన్ (ఒకే బ్లాకు నుంచి ఒకేలా తీసి నంబరు వేసే ప్రింట్ల వరుస) తీయాలి. అందులో 12 సభ్యులకు వెళతాయి, మీ సొంత ప్రతి కూడా వీటిలోనే ఉంటుంది. ఒకటి ప్రదర్శన కోసం ఉంచే సెట్టుకు, మరొకటి దారిలో పాడైన ప్రతికి బదులుగా ఇవ్వడానికి. వీటిపైన ఒకటి రెండు ఆర్టిస్ట్ ప్రూఫులు (ఎడిషన్ లెక్కలోకి రాని సొంత ప్రతులు) మీ దగ్గర ఉంచుకోవచ్చు.

ఇరవై అయిదు మందితో మొదలుపెట్టాలన్న ఉత్సాహాన్ని ఆపుకోండి. అప్పుడు ప్రతి ఒక్కరూ 27 ప్రింట్లు తీయవలసి వస్తుంది, చేత్తో రుద్దేవారికి ఇరవైకి దగ్గరపడేసరికి భుజం పట్టేస్తుంది, చివరి ప్రింట్లు తేలిపోతాయి. ఎక్కువ మంది ఉంటే రెండు జట్లుగా విడిపోవడమే మేలు.

2. నెలలు చూసుకుని గడువు పెట్టండి.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ ఉన్నంతకాలం నూనె ఇంకు ఆరదు, కాగితం అలలు తేలుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండలో ఇంకు పలక మీద పలుచబడి గీతల మధ్యలోకి జారుతుంది. సంక్రాంతి తరువాత మొదలుపెట్టి, చెక్కడం ఫిబ్రవరి నెలాఖరుకు, ముద్రణ మార్చి రెండో వారానికి, పంపడం మార్చి నెలాఖరుకు ముగిసేలా చూసుకోండి. వేసవిలోనే చేయక తప్పకపోతే తెల్లవారుజామున ముద్రించి తొమ్మిదికల్లా ఆపేయండి.

నిర్వాహకుడు తన దగ్గర రెండు గడువులు ఉంచుకోవాలి. సభ్యులకు చెప్పిన తేదీ ఒకటి, దానికి పది రోజుల తరువాత అసలు పంపకం చేసే తేదీ మరొకటి.

3. నియమాలను రాతలో పెట్టండి.

ఈ మెట్టును దాటవేసిన జట్లే ఎక్కువగా విడిపోతాయి. చెక్కడం రాక కాదు, ముందుగా మాట్లాడుకోకపోవడం వల్లనే పేచీలు వస్తాయి. ఫోనులో "అంతా తెలిసిందేగా" అనుకున్న విషయాలు పన్నెండు మందికి పన్నెండు రకాలుగా తెలిసి ఉంటాయి. ఒక పేజీకి మించకుండా రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ప్రతి ఒక్కరి చేతా "చదివాను, సమ్మతమే" అని రాయించుకోండి. నమూనాగా దీన్ని వాడుకోవచ్చు:

"కాగితం ఏ4, నిలువు. బొమ్మ 15 × 20 సెంటీమీటర్లకు మించరాదు. అంచులు ఇరుపక్కలా 3, పైన 4, కింద 5.7 సెంటీమీటర్లు. ఎడిషన్ 14. రంగులు ఎన్నయినా వాడవచ్చు కానీ ముద్రణ చెక్క బ్లాకు నుంచే జరగాలి. బొమ్మ మీ సొంతదై ఉండాలి, ఇతరుల ఫోటోను చూసి యథాతథంగా దించినది చెల్లదు. ప్రింట్లు పూర్తిగా ఆరిన తరువాతే పంపాలి. గడువు దాటితే ముందుగా చెప్పాలి, చెప్పకుండా పది రోజులు దాటితే ఆ స్థానం రద్దవుతుంది. మార్పిడిలో అందుకున్న ప్రింట్లను అమ్మరాదు. ఎడిషన్ పూర్తయ్యాక అదే బ్లాకుతో అదే రూపంలో మళ్లీ ముద్రించరాదు. తిరుగు పోస్టేజీ, ఫోల్డరు అట్టల ఖర్చు సభ్యులందరూ సమానంగా ముందే చెల్లించాలి."

లినో (చెక్కకు బదులు మెత్తని లినోలియం షీటు మీద చెక్కడం) కూడా అనుమతిస్తారా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. మొదటిసారి అనుమతించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చెక్క ఈనె (చెక్కలోని నార గీతలు) చూపించే గుణం, దానితో పడే తంటాలు అందరికీ ఒకటే అయినప్పుడే పక్కవారి ప్రింటు చూసి నేర్చుకోగలుగుతాము.

4. విషయాన్ని ఎంచుకోండి.

"ప్రకృతి", "జీవితం" వంటి విషయాలు పెట్టకండి. అంత విశాలమైన విషయం పెడితే ఫోల్డరులోని బొమ్మలకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. దగ్గరగా, ఇరుకుగా ఉన్నది ఎంచుకోండి. మాటకు తిరుపతి గంగ జాతరలో భక్తులు వేసుకునే వేషాలే తీసుకోండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, ఇలా పంచుకోవడానికి కావలసినన్ని ఉన్నాయి. వుడ్‌కట్ దృష్టితో చూస్తే వీటిలో ఎంత పని ఉందో గమనించండి. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా పూసుకుంటారు, కనుక ఆకారం లోపలి చెక్కనంతా తొలగించి, కండ్లు, ముక్కు, దండల గీతలను మాత్రమే నిలపాలి. తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు, కనుక ఆకారాన్ని నిండుగా ఉంచి, వెలుతురు పడిన చోట్ల మాత్రమే సన్నని ఉలిగీతలతో ముఖం తీసుకురావాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవారికి నలుపుతెలుపుల గురించి ఏ పాఠమూ అక్కరలేదు.

శేషాచలం చెట్లు, పలమనేరు మట్టిబొమ్మలు, ఊరి బావులు కూడా ఇలాంటి విషయాలే.

5. చెక్కను తెచ్చుకోండి.

నేర్చుకుంటున్నవారికి పైపొర చీలని మంచి ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో ఒత్తి చేసే పలక) సరిపోతుంది. ఎండీఎఫ్‌కు ఈనె ఉండదు, అన్ని వైపులకూ ఒకేలా తెగుతుంది, కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. చెక్కే ముందు రెండు పూతలు లక్క పాలిష్ వేసి ఆరనివ్వండి, పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక మాస్కు పెట్టుకోండి. టేకు ఎక్కువకాలం నిలుస్తుంది, పెడనలో బట్టల అద్దకపు అచ్చులు దానితోనే చేస్తారు, అయితే సన్నని గీతల దగ్గర ఈనె వెంట చీలే గుణం ఉంది. అచ్చుల చెక్క కోసం శ్రీకాళహస్తి వెళితే ప్రయోజనం ఉండదని కూడా చెప్పాలి, అక్కడి కలంకారీ పేరుకు తగ్గట్టు కలంతో గీసేదే. ఏర్పేడు మండలంలోని మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే కుటుంబాలవారిని కలిస్తే ఆరిన కొయ్య ఎలా గుర్తుపట్టాలో, ఉలికి సాన ఎలా పట్టాలో కళ్లారా చూడవచ్చు. ఆ ఒక్క పూట ఎంతో పనికివస్తుంది.

హెచ్చరిక: ఎర్రచందనం ముక్క ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోవద్దు. అనుమతి పత్రాలు లేకుండా అది దగ్గర ఉండటమే నేరం. నేర్చుకోవడానికి పాత ముక్కే కదా అన్న మాట చట్టం ముందు నిలవదు.

సామిల్లులో కోయించుకునే ఘనమైన చెక్కయితే పచ్చిది కాకుండా చూడండి. పరీక్ష తేలిక: ముక్కను తూచి, వారం రోజులు నీడలో ఉంచి, మళ్లీ తూచండి. బరువు తగ్గితే అది ఇంకా ఆరుతోందని అర్థం, మీరు చెక్కిన తరువాత వంగుతుంది.

6. బొమ్మను తిరగేసి ఎక్కించండి.

బ్లాకు మీద కుడి ఎడమలు తారుమారవుతాయి. బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద గీసి, కాగితాన్ని బోర్లా తిప్పి, కింద కార్బన్ పేపరు పెట్టి దించండి. అంతకుముందే బ్లాకు పైభాగానికి నీళ్లు కలిపిన సిరాను (ముద్రణకు వాడే నూనె ఇంకు కాదు) పలుచగా పూసి ఆరనిస్తే, చెక్కిన చోటు తెల్లగా, చెక్కని చోటు ముదురుగా కనిపించి పొరపాట్లు తగ్గుతాయి. ఎండీఎఫ్ అయితే ఈ పూత లక్క పాలిష్ ఆరిన తరువాతే వేయాలి. తెలుగు అక్షరాలు పెట్టేవారు తలకట్టు, వొత్తుల మధ్య ఖాళీని కాగితం మీదకంటే కొంచెం ఎక్కువ ఉంచండి. ఇంకు పట్టాక ఆ ఖాళీ తగ్గుతుంది. ఎక్కించిన తరువాత అద్దంలో చదివి చూడండి.

7. చెక్కండి.

ముందుగా ముఖ్యమైన గీతలకు రెండు వైపులా చాకుతో గాటు పెట్టి, ఆ తరువాతే ఉలితో పక్కనున్న చెక్కను తీయండి. గాటు గీతకు బయటివైపు వాలి ఉండాలి, గీత అడుగుభాగం వెడల్పుగా ఉంటేనే రుద్దుడుకు నిలుస్తుంది. ఉలి పట్టిన చేతికి ఎదురుగా రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. బల్ల అంచుకు ఆనే అడ్డపట్టీ ఒకటి చేసుకుంటే బ్లాకు జారదు. పెద్ద ఖాళీ భాగాలను మూడు మిల్లీమీటర్ల లోతుకు తీయండి, లేకపోతే రోలరు అంచు తగిలి మరకలు పడతాయి.

8. ప్రూఫు తీసి, ఒరవడిని నిర్ణయించండి.

మామూలు కాగితం మీద రెండు మూడు ప్రూఫులు (పరీక్ష కోసం తీసే ముద్రలు) తీసి సవరణలు చేయండి. తరువాత అసలు కాగితం మీద, మీకు పూర్తిగా నచ్చేదాకా తీయండి. నచ్చిన ఆ ఒక్కదాని మీద పెన్సిలుతో "ఒరవడి" అని రాసి, పనిచేసే బల్లకు ఎదురుగా గోడకు తగిలించండి. ఇకనుంచి తీసే ప్రతి ప్రింటునూ దాని పక్కన పెట్టి చూడాలి. అంతకుముందు తీసిన ప్రింటుతో పోల్చకండి. ముందుదానితో పోలుస్తూ పోతే ప్రతిసారీ కొద్దికొద్దిగా తేడా పెరిగి, పద్నాలుగోది వచ్చేసరికి మొదటిదానికి సంబంధం లేకుండా పోతుంది, మీ కంటికి మాత్రం ఏ తేడా తెలియదు.

9. ఎడిషన్ ముద్రించండి.

మొత్తం పనిలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే కనుక వివరంగా చెబుతాను.

ముందు బల్ల మీద మందపాటి అట్టపై ఎల్ ఆకారంలో రెండు పట్టీలు అంటించి, బ్లాకు ఆ మూలకు ఆనేలా పెట్టండి. కాగితం మూల ఎక్కడ ఆనాలో మరో రెండు పట్టీలు పెట్టండి. రంగులు ఒకటికంటే ఎక్కువైతే, జపాన్‌వారి పద్ధతిలో ప్రతి బ్లాకు మీదనే కింది కుడి మూలలో కాగితం మూల ఆనే ఒక మూలగుర్తు, కింది అంచు వెంట ఎడమవైపుగా కాగితం అంచు ఆనే ఒక సరళగుర్తు చెక్కుకోవడం ఎక్కువ నమ్మకమైన మార్గం.

కాగితాలన్నీ ముందే కోసి, లెక్కపెట్టి, చేతికి అందే చోట పెట్టుకోండి. 14 మంచివి కావాలంటే 18 ముద్రించడానికి సిద్ధపడండి. ఒకే పూటలో అన్నీ పూర్తి చేయండి. సగం ఈ రోజు, సగం వచ్చే ఆదివారం అనుకుంటే రెండు రకాల నలుపు వస్తుంది.

ఇంకును పలక మీద పలుచగా, అన్ని వైపులకూ సమానంగా పరచండి. రోలరు నడుస్తున్నప్పుడు పట్టుచీర మడత విప్పినట్టు సన్నని చప్పుడు రావాలి. పచపచమని చప్పుడు వస్తే ఇంకు ఎక్కువైందని, చప్పుడే లేకపోతే తక్కువైందని అర్థం. ఇంకు మరీ గట్టిగా ఉండి కాగితం పొరలు లాగేస్తుంటే ఒకటి రెండు చుక్కలు అవిసె నూనె కలపండి. ఎండకు జారుగా అయితే కొద్దిగా మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలపండి. ఏది కలిపినా మొత్తం ఎడిషన్‌కు సరిపడా ఇంకుకు ఒకేసారి కలపాలి.

రోలరును బ్లాకు మీద నొక్కి పెట్టకుండా, దాని బరువుతోనే నడిపించండి. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఎన్నిసార్లు నడిపించారో లెక్కపెట్టుకుని, ప్రతి ప్రింటుకూ అన్నిసార్లే నడిపించండి. మొదటి ప్రింటుకు బ్లాకు ఇంకు పీల్చుకుంటుంది కనుక మొదటి రెండు మూడు లేతగా వస్తాయి. వాటిని ఎడిషన్‌లో చేర్చకండి.

కాగితాన్ని మూలగుర్తుకు ఆనించి వదలండి, పడిన తరువాత జరపకండి. పైన బటర్ పేపరు వేసి గరిటె వెనుకవైపుతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. నిండు నలుపు ఉన్నచోట వృత్తాలుగా, సన్నని గీతలున్నచోట గీత వెంబడి తేలికగా రుద్దాలి. రుద్దడం అయ్యాక ఒక మూల మాత్రం లేపి చూడండి, మిగతా భాగాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకోండి. లేతగా ఉంటే దించి మళ్లీ రుద్దవచ్చు. మొత్తం ఎత్తేసిన తరువాత మాత్రం ఆ అవకాశం ఉండదు.

ప్రతి అయిదు ప్రింట్లకు ఒకసారి చేతులు కడుక్కోండి. అంచుల మీద వేలిముద్రలు పడటం అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు, అది పూర్తిగా నివారించగలిగినది కూడా. కాగితం పట్టుకోవడానికి మడిచిన అట్టముక్కలు రెండు పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రత్యామ్నాయం: మందపాటి కాగితం వాడాలనుకునేవారు పుస్తకాలు బైండింగు చేసేవారి దగ్గరి స్క్రూ ప్రెస్సును అడిగి చూడవచ్చు. బ్లాకు మీద కాగితం, దానిపై మెత్తని ఉన్ని గుడ్డ, ఆపైన గట్టి ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించాలి. అలాంటి కాగితాన్ని ముందు కొద్దిగా తడిపి ప్లాస్టిక్ కవర్ల మధ్య బరువు కింద ఒక రాత్రి ఉంచాలి. మన వాతావరణంలో రెండు రోజులు మించి తడిగా ఉంచితే బూజు పడుతుంది.

10. ఆరబెట్టండి.

తాడుకు విడివిడిగా తగిలించండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఫ్యాను గాలి నేరుగా తగిలితే ఊగి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలుగైదు రోజులకు సాధారణంగా ఆరుతాయి, నిండు నలుపు ఎక్కువున్న బొమ్మలకు వారం దాటవచ్చు.

ఆరిందో లేదో చూడటానికి వేలు పెట్టి చూస్తే చాలదు. పాడైన ప్రింటు ఒకదాని మీద తెల్లకాగితం వేసి, పైన నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఉదయం ఆ తెల్లకాగితం మీద నీడలాంటి మరక కూడా లేకపోతేనే ఆరినట్టు.

11. ఏరి, నంబరు వేసి, సంతకం చేయండి.

ప్రింట్లన్నీ నేల మీద వరుసగా పరిచి, ఒరవడిని చేతిలో పట్టుకుని ఒక్కొక్కదాని దగ్గర ఆగండి. నలుపు నిండుదనం, అంచుల కొలత, గీతల తెగుదల, వెనుకవైపు మరకలు, ఈ నాలుగే చూడండి. అనుమానం కలిగినదాన్ని పక్కన పెట్టేయండి. "పరవాలేదు, ఎవరూ గమనించరు" అనిపించిన ప్రింటు ఎవరి పేరున వెళుతుందో ఊహించుకుంటే నిర్ణయం తేలికవుతుంది. పక్కన పెట్టినవాటి స్థానంలో మళ్లీ తీయవలసి వస్తే, అదే ఇంకుతో, అదే కాగితంతో తీయండి.

మెత్తని పెన్సిలుతో బొమ్మ కింద ఎడమవైపు నంబరు, మధ్యలో పేరు, కుడివైపు సంతకం. నంబరు 1/14 నుంచి 14/14 దాకా. పెన్ను వాడకండి, దాని సిరా ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది.

12. ప్యాక్ చేసి పంపండి.

ప్రింట్ల మధ్య బటర్ పేపరు వేసి, మొత్తాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఏ4 కంటే రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య ఉంచి టేపు వేయండి. అట్టలను ఒకటి నిలువు ఈనెతో, ఒకటి అడ్డ ఈనెతో పెడితే వంగవు. గొట్టంలో చుట్టి పంపవద్దు, చుట్ట విప్పి చదును చేయడానికి నిర్వాహకుడికి రోజులు పడుతుంది. లోపల ఒక చీటీలో మీ పేరు, బొమ్మ పేరు, చెక్క రకం, కాగితం, ఇంకు రాయండి. దగ్గరి ఊళ్లవారు పోస్టుకు బదులు తిరుపతిలో ఒకరి ఇంట్లో కలిసి ఇచ్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, అందరి బ్లాకులూ చూసే అవకాశమూ దొరుకుతుంది.

13. నిర్వాహకుడి పంపకం.

ఏ కట్ట వచ్చినా అదే రోజు విప్పి, 14 ఉన్నాయో లేదో లెక్కపెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. తక్కువైతే, చెడిపోయి ఉంటే ఆ రోజే చెప్పాలి. నెల తరువాత చెబితే తప్పు పంపినవారిదా, మీదా అన్న సందేహం మిగిలిపోతుంది.

సభ్యులకు 1 నుంచి 12 దాకా వరుస సంఖ్యలు ఇచ్చి, 5వ సభ్యునికి అందరి 5/14 ప్రింట్లు వెళ్లేలా సర్దితే తప్పిపోయే అవకాశం చాలా తగ్గుతుంది. 13 ప్రదర్శన సెట్టు, 14 అదనపు సెట్టు. ఫోల్డరు మూసేముందు మరొకరి చేత లెక్కపెట్టించండి.

ఎవరైనా చివరి నిమిషంలో తప్పుకుంటే వారి కోసం మిగతావారిని ఆపకండి. ఉన్న పదకొండు మందితోనే పంపకం చేసి, తప్పుకున్నవారికి ఉద్దేశించిన ప్రింట్లను అదనపు సెట్టులో చేర్చండి. ఆ వ్యక్తిని నలుగురిలో నిలదీయవద్దు. ఇంటి పరిస్థితులు, ఉద్యోగాలు అందరికీ ఉంటాయి, వచ్చే ఏడాదికి తలుపు తెరిచే ఉంచాలి.

తరచుగా అడిగే ఇబ్బందులు, సవరణలు

నలుపులో తెల్లని చుక్కలు వస్తున్నాయి: కాగితం దుమ్ము లేదా చెక్కపొడి కారణం. ముద్రణకు ముందు బ్లాకును మెత్తని బ్రష్షుతో దులపండి, చెక్కే గదిలో ముద్రించకండి.

గీతలు లావెక్కుతున్నాయి: ఇంకు ఎక్కువైంది. బ్లాకు మీద పాత కాగితం వేసి రుద్ది ఇంకును పీల్చనివ్వండి, అలా రెండుసార్లు చేసి మళ్లీ మొదలుపెట్టండి. గీతల మధ్య ఇంకు నిండి ఉంటే పాత టూత్‌బ్రష్షుతో తీయండి.

సన్నని గీత విరిగిపోయింది: విరిగిన ముక్క దొరికితే ఫెవికాల్‌తో అంటించి ఒక రోజు ఆరనివ్వండి. దొరకకపోతే ఆ లోపాన్ని బొమ్మలో కలుపుకోండి. ఎడిషన్ మధ్యలో విరిగితే మాత్రం అప్పటిదాకా తీసినవి, తరువాతివి వేర్వేరు అవుతాయి కనుక మొదటినుంచి తీయడం తప్ప మార్గం లేదు.

రెండో రంగు పక్కకు జరిగింది: కాగితం తేమకు సాగి ఉంటుంది. అన్ని రంగులనూ ఒకే తేమలో, వీలైతే వరుస రోజుల్లో ముద్రించండి.

రెండో ఏడాదికి: అందరూ కలిసి ఒకే పెద్ద బొమ్మ

మార్పిడి ఒకసారి సజావుగా ముగిసిన జట్టు దీన్ని ప్రయత్నించవచ్చు. 45 × 60 సెంటీమీటర్ల బొమ్మను ఒకరు గీస్తారు. దాన్ని 15 సెంటీమీటర్ల చతురస్రాలుగా, అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు వచ్చేలా విడదీస్తే పన్నెండు పలకలవుతాయి. ప్రతి ఒక్కరూ ఒక పలకను తమ పద్ధతిలో చెక్కుతారు.

ఒక గీత ఒక పలక నుంచి పక్క పలకలోకి దాటే చోటును అంచు మీద గుర్తు పెట్టి, ఆ గీత మందాన్ని కూడా రాయండి. అంచుకు అర సెంటీమీటరు దాకా అందరూ అసలు బొమ్మనే అనుసరించాలి, లోపల వారి ఇష్టం. పన్నెండు పలకలూ ఒకే షీటు నుంచి, ఒకే చోట కోయించండి. ఒక మిల్లీమీటరు మందం తేడా ఉన్నా ఆ పలక సరిగా ముద్ర పడదు. బ్లాకులను కలిపి పెద్ద కాగితం మీద ఒకేసారి ముద్రిస్తే, బొమ్మలో ఎడమవైపు ఉండేది బ్లాకుల అమరికలో కుడివైపు ఉండాలని మరిచిపోకండి. ప్రతి బ్లాకు వెనుక వరుస సంఖ్య, పైకి చూపే బాణం గుర్తు వేస్తే గందరగోళం ఉండదు. విడివిడిగా ముద్రించి తరువాత గోడ మీద కలిపితే ఆ చిక్కు రాదు, కానీ నలుపులు కలవడం కష్టమవుతుంది.

ఈ ముద్రణను అందరూ ఒకే రోజు, ఒకే చోట, ఒకే డబ్బా ఇంకుతో చేయాలి. రోలరు ఒకరి చేతిలోనే ఉండాలి, రుద్దేవారు ఎంతమందైనా ఉండవచ్చు. మొదటి ప్రింటు ఎత్తగానే పది అడుగుల దూరంలో గోడకు ఆనించి, అందరూ వెనక్కి జరిగి చూడండి. అలా చూస్తే ఏ చతురస్రం లేతగా ఉందో, ఏది మిగతావాటికంటే ముందుకొచ్చి కనిపిస్తోందో వెంటనే తెలుస్తుంది. దగ్గర నుంచి చూస్తే ఎవరి పలక వారికి బాగానే కనిపిస్తుంది. లేతగా ఉన్న పలక కింద పలుచని కాగితం ఒకటి రెండు పొరలు పెట్టి ఎత్తు పెంచండి, ముదురుగా ఉన్నదానికి రోలరు ఒక వరుస తగ్గించండి. ఇంకు కడిగేయకముందే ఈ సవరణలన్నీ పూర్తి చేసుకోవాలి.